లోతు మామూలే

మార్చి 3

ఆయన పొద్దున వెళ్లిపోయారు. పెట్టె సర్దుకుంటున్నంతసేపూ నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. గిన్నెలు మాత్రం వీధి చివరిదాకా వినబడేలా తోమాను. ఒక్కసారి వచ్చాను, నా ఎర్ర దుప్పటి పెట్టెలో కుక్కడానికి. అక్కడ గాలి ఎక్కువట.

"రెండు వారాలే. సర్వే వాళ్లు వచ్చి రాయి పాతగానే తిరిగొస్తా" అన్నారు గుమ్మంలో నిలబడి.

"ఎవరు రమ్మన్నారు?" అన్నాను.

నోరు జారడమంటే ఇదే. ఆయన చెప్పులు తొడుక్కుని మెట్లు దిగారు. నేను కిటికీలోంచి చూడలేదు. చూశాను, కానీ ఆయన తలెత్తేలోపల పక్కకి తప్పుకున్నాను.

ఓడలకి దారి చూపించి రేవులోకి తెచ్చే పైలట్‌కి నీళ్లు లేని రేవులో ఏం పని ఉంటుంది? సముద్రం వెనక్కి నడవడం మొదలుపెట్టి ఏడాది దాటింది. ఎందుకు పోతోందో రేడియోలో రోజుకొకాయన రోజుకో కారణం చెబుతాడు. ఈయన మాత్రం కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, బురదలో ఒరిగిపోయిన ఓడల్ని చూస్తూ గడ్డం పెంచారు. ఇప్పుడేమో సముద్రం వదిలేసిన నేల మీద కాపురం పెడతారట. అక్కడ ఎవరు ఉంటే ఆ చోటు వాళ్లదట. సర్వే వాళ్లు వచ్చిన రోజున మనిషి లేకపోతే పేరు కొట్టేస్తారట. నన్నూ రమ్మన్నారు. "నా వంతెన?" అన్నాను. ఏటి మీది వంతెనకి ఇన్‌స్పెక్టర్‌ని నేను. "వంతెనేమన్నా నీ కడుపున పుట్టిందా?" అన్నారు.

పిల్లలు లేని దానితో అనాల్సిన మాటా అది? కావాలని అనలేదు, నాకు తెలుసు. అన్నాక ఆయన మొహమే ముందు పాలిపోయింది. అయినా అన్నారు కదా.

భోజనాల దగ్గర అత్తయ్య తేల్చేసింది: "వాడికి కోపం ముక్కు మీద, నీకు నాలుక మీద. మధ్యలో నా చెవులు."

మార్చి 6

లోతు మామూలే. నాలుగు బారలు.

వారానికోసారి పడవలో వంతెన కింద తిరగడం, ప్రతి స్తంభం పక్కనా గుండు కట్టిన తాడు వదలడం, ఇది మా ఆఫీసు పుట్టినప్పటి పద్ధతి. తాడుకి బారకొక గుడ్డపీలిక కట్టి ఉంటుంది. గుండు అడుగు తాకగానే నీళ్ల దగ్గర ఏ పీలిక ఉందో పడవ నడిపే సరంగు కేకేస్తాడు, నేను రాస్తాను. ఏరు అడుగుని కోసుకుపోతే లోతు పెరుగుతుంది. లోతు పెరిగితే స్తంభాల కాళ్లు మట్టిలోంచి బయటపడతాయి. అదీ భయం. ఇన్నేళ్లలో నాలుగు బారలు దాటింది లేదు.

పడవలోకి దిగే ఇనుప నిచ్చెన పొట్టిదైపోయింది. సరంగు కింద ఇంకో ముక్క కట్టాడు. "సముద్రం పోతుంటే ఏరు ఊరుకుంటుందా అమ్మా, చుట్టరికం కదా, సాగనంపడానికి వెళ్తోంది" అన్నాడు. నవ్వొచ్చింది. ఇంటికొచ్చి ఆయనకి చెబుదామనుకుని, చెప్పడానికి మనిషి లేడని గుర్తొచ్చింది.

మార్చి 9

ఫోన్ చేశారు. "ఎలా ఉన్నావు?" లేదు, "తిన్నావా?" లేదు. నేరుగా విశేషాల్లోకి దిగిపోయారు. గొంతులో ఏడాదిగా లేని హుషారు.

ఒకప్పుడు ఓడలకి హద్దుగా తేలిన ఇనుప బుడ్డీలన్నీ ఇప్పుడు నేల మీద పక్కకి పడి ఉన్నాయట. ఈయన లారీల ముందు జీపులో కూర్చుని, ఆ బుడ్డీల్ని ఆనవాలు పెట్టుకుని, ఎక్కడ గట్టినేలో ఎక్కడ ఊబో చెబుతున్నారట. "పాతికేళ్లు పైనుంచి లోతులు లెక్కపెట్టాను. ఇప్పుడు వాటి మీద నడుస్తున్నా. ప్రతి మెరకా నాకు కంఠోపాఠమే!" మేం పెళ్లైన కొత్తలో లాంచీ ఎక్కి చూడ్డానికెళ్లిన దీవి ఉందే, అదిప్పుడు కొండట. దాని మీదికి మెట్లు కొడుతున్నారట.

ఇంకో వింత చెప్పారు. ఏరు పాత సముద్రపు అంచు దాటే చోట చిన్న జలపాతం పుట్టిందట. మోకాలెత్తు. పిల్లాజెల్లా అంతా చూడ్డానికి వెళ్తున్నారట. పోయిన వారం ఒక బుడ్డీ దగ్గరుండేది, ఇప్పుడు దానికి చాలా పైకి, మన ఊరివైపు వచ్చిందట.

"జలపాతం నడుస్తుందా అండీ?" అన్నాను.

"మెత్తటి మట్టి కదా, అంచు విరిగి పడుతూ వెనక్కి జరుగుతోంది. నువ్వూ వచ్చి చూడు."

"నాకు సెలవు లేదు" అన్నాను. పట్టుబట్టి ఇంకొక్కసారి అడిగి ఉంటే వెళ్లేదాన్నేమో. అడగలేదు.

మార్చి 13

లోతు మామూలే. నిచ్చెనకి మళ్లీ ముక్క కట్టారు. మోకాళ్లు పట్టేశాయి.

పేపర్లో కొత్త పటం వేశారు. వారానికొకటి వేస్తున్నారు, పాతది బీరువా అరల్లో పరుచుకోడానికి పనికొస్తోంది. దీవులు మూడూ ఒడ్డుకి అంటుకుపోయాయి. అవతలి దేశానికీ మనకీ మధ్య ఉండే జలసంధి ఇప్పుడు బురద మైదానం. రెండు పక్కలా సైనికులు మోకాళ్లలోతు బురదలో నిలబడి ఒకళ్లనొకళ్లు చూసుకుంటున్న ఫోటో. దేశం ఇంత పెరిగింది, అంత పెరిగిందని ఉపన్యాసాలు. ఊళ్లో బావుల్లో నీళ్లు మాత్రం ఎందుకు దిగిపోతున్నాయో ఎవరూ చెప్పడం లేదు. పంపు పొద్దున కాసేపే వస్తోంది. గాలి తిరిగితే చాలు, ఎండిన సముద్రపు ఉప్పంతా మా మీదే. ఆరేసిన చీర విదిలిస్తే పొడి రాలుతోంది.

ఊరు ఊరంతా ముందున్న కొత్త నేల వైపే మెడలు చాచి చూస్తోంది. పొద్దున్నే వంతెన మీద లారీలు, బస్సులు, సామాన్లు మోసుకుంటూ జనం. అటువైపు తాగడానికి చుక్క నీళ్లు లేవు కాబట్టి ట్యాంకర్లు. ఏటి అవతలి ఆ నేలకి వేరే దారి లేదు, చుట్టూ ఊబి. నా వంతెన ఇంత బరువు ఎప్పుడూ మోయలేదు.

మార్చి 17

రెండు వారాలయింది. సర్వే వాళ్లు రాలేదట. వచ్చే ఆదివారం తప్పకుండా అన్నారు.

సాయంత్రం ఆయన కుర్చీలో కూర్చున్నాను. ఇక్కణ్ణించి రేవూ కనిపిస్తుంది, ఏరూ కనిపిస్తుంది, ధూళి లేని రోజున అవతలి ఒడ్డూ కనిపిస్తుంది. పైలట్ ఎక్కిన ఓడకి సగం తెలుపు, సగం ఎరుపు జెండా కడతారు. మనిషి ఓడలోనే ఉన్నాడని దానర్థం. ఇన్నేళ్ల కాపురంలో ఓడల భాషలో నాకొచ్చింది ఆ ఒక్క ముక్కే. అది కనిపించగానే బియ్యం కడిగేదాన్ని. ఓడని కట్టేసి ఆయన మెట్లెక్కేసరికి అన్నం సిద్ధంగా ఉండేది. "నేనొస్తున్నానని నీకెలా తెలుస్తుందోయ్?" అని ప్రతిసారీ అడిగేవారు, తెలిసి కూడా.

అత్తయ్య ఇవాళ కూడా అడిగింది, "వాడొచ్చాడా?" అని. "ఆదివారం" అన్నాను.

మార్చి 20

ఇవాళ్టి సంగతి రాయాలనిపించడం లేదు. అయినా రాస్తాను.

లోతు మామూలే. నాలుగు బారలు. సరంగు ఎప్పట్లాగే కేకేశాడు, నేను ఎప్పట్లాగే రాశాను. తిరిగి నిచ్చెన ఎక్కుతూ సగంలో ఆయాసమొచ్చి ఆగాను. ఆగి, పక్కనున్న స్తంభాన్ని చూశాను. పైన పాత నాచు గీత. దాని కింద ఆల్చిప్పలు అంటుకున్న పట్టీ. దాని కింద, ఎప్పుడూ వెలుగు చూడని పచ్చి సిమెంటు దిమ్మె. అది మట్టిలో ఉండాల్సింది. అడుగున, నీళ్లలో, దిమ్మె కింది కాళ్ల మొదళ్లు. అవి చచ్చినా కనబడకూడదు. చిగుళ్లు జారిపోయిన పళ్లలా ఉన్నాయి. అత్తయ్య ముందు పన్ను అచ్చం అలాగే ఉంది. "ఊగుతోంది గానీ ఊడలేదుగా" అంటుంది పీకించుకోమంటే.

నేనెంత తెలివితక్కువదాన్ని! నీళ్ల మీద నుంచి కొలుస్తున్నాం. సముద్రం కదలనన్నాళ్లూ అది సరే. ఇప్పుడు నీళ్లూ దిగాయి, నీళ్లతో పాటు అడుగూ కోసుకుపోయింది. మధ్యలో నాలుగు బారలు నాలుగు బారల్లాగే ఉన్నాయి. నిచ్చెనకి ముక్క మీద ముక్క కడుతున్నప్పుడైనా తట్టొద్దూ? సరంగుకి చెబితే కాసేపు స్తంభాన్ని చూసి, తాడుని చూసి, పడవలో కూలబడ్డాడు. "మరి నేను కేకేసింది అబద్ధమా అమ్మా?" అన్నాడు. అబద్ధం కాదు. అదే కదా వచ్చిన చిక్కు.

తిన్నగా చూద్దాం సారు దగ్గరికి వెళ్లాను. మా పెద్దింజనీరు. ఏం చెప్పినా "చూద్దాం" అంటాడని ఆఫీసంతా ఆ పేరే. ఇవాళ చూశాడు కూడా, నా రిపోర్టులే తీసి నా ముందు పెట్టాడు. "అన్నిట్లో లోతు మామూలే అని మీరే రాశారు కదమ్మా. ఇప్పుడు కాదంటే పైవాళ్లకి నేనేం చెప్పను? ఆ ఒడ్డున జనానికి నీళ్లెలా పంపను? చూద్దాం. అంత అనుమానంగా ఉంటే గొలుసు మీ చేతిలోనే ఉందిగా."

అవును, నా చేతిలోనే ఉంది. వంతెనకి అడ్డంగా గొలుసు వేసి రాకపోకలు ఆపే అధికారం ఇన్‌స్పెక్టర్‌ది, తీసే అధికారం పెద్దింజనీరుది. వేసినవాళ్లు మొహమాటానికి మళ్లీ తీయకుండా పెట్టిన నియమం. ఒకసారి వేశానంటే ఎవరికోసమూ తీయలేను.

ఆయన ఆదివారం వస్తున్నారు.

మార్చి 21

ఇవాళ వంతెన మీద నుంచి తాడు వదిలి కొలిచాం. తాడు చాల్లేదు. ఇంకో తాడు ముడేశాం.

కాళ్లు మట్టిలో ఇంకా సగానికి పైగానే ఉన్నాయి. సగమంటే తక్కువేం కాదు. కట్టినవాళ్లు అంతా లెక్కేసే దిగ్గొట్టి ఉంటారు. ఆదివారం దాకా దీనికేం కాదు.

మార్చి 22

లారీలకి వేగం తగ్గించమని బోర్డు పెట్టించాను. ఒక్కడూ చదవడం లేదు.

మార్చి 23, ఆదివారం

రాలేదు. సర్వే వాళ్లు పక్క పేట దాకా వచ్చి వెనక్కి పోయారట. "ఇంకొక్క వారం ఓపిక పట్టు, ఇంత చేసి ఇప్పుడు వదిలేసి వస్తే ఎలా?" అన్నారు.

"మీ ఇష్టం" అన్నాను. "వంతెన పడిపోతుంది, వచ్చేయండి" అని ఎందుకు అనలేదు? అంటే ఆయన అక్కడ పదిమందికీ చెబుతారు. చెబితే వంతెన మీద తొక్కిసలాట. అందుకే అనలేదు. కారణం అదే.

మార్చి 27

జలపాతం ఇప్పుడు ఇంటి ఎత్తుందట. ఎక్కడుందని సరంగుని అడిగాను. పాత చేపల మార్కెట్ వెనకాలట. చేపల మార్కెట్ అంటే మా వంతెన మీద నుంచి కనబడుతుంది.

పెద్ద లారీలు ఆపించాను. ట్యాంకర్లు సగం నింపి పంపమన్నాను. చూద్దాం సారు ఫోన్ చేసి అరిచాడు. నేనూ అరిచాను. ఇంతకంటే ఏం చేయాలి? చేయాల్సింది చేస్తున్నాను.

పిల్లల బస్సు రోజూ పొద్దున ఏటి అవతలి బడికి వెళ్తుంది, సాయంత్రం వస్తుంది. వెనక అద్దంలోంచి ఒక పిల్ల నాకు చెయ్యి ఊపుతుంది. ఇవాళ నేను ఊపలేదు.

మార్చి 30

ఆదివారం. రాలేదు.

ఏప్రిల్ 2

వంటింట్లో ఉండగా అత్తయ్య గదిలోంచి కేకేసింది. "అమ్మాయ్, పంపు కట్టెయ్యి. నీళ్లు పోతున్నాయి."

పంపు కట్టే ఉంది. నీళ్లెక్కడివి అసలు? కిటికీ తెరిచాను. అప్పుడు నాకూ వినబడింది, సన్నగా, ఆగకుండా.

"కట్టావా?"

"కట్టాను అత్తయ్యా."

"ఇంకా పోతోందే."

కిటికీ మూసేశాను. గొలుసు వేయాలి. రేపు పొద్దున్నే వేసేస్తాను.

ఏప్రిల్ 3

వేయలేదు.

ఏప్రిల్ 4

నన్ను నేను బుకాయించుకోవడం ఇక చాలు. లెక్కా లేదు, ధైర్యమూ లేదు. ఆయన ఆ ఒడ్డున ఉన్నారు కాబట్టి వంతెన తెరిచి ఉంచాను. ఒక్క మనిషి కోసం రోజూ ఊరినంతా దాని మీద నడిపిస్తున్నాను. ఆ పిల్ల తల్లికి ఈ సంగతి తెలిస్తే నన్ను నిలువునా చీరేస్తుంది, చీరేయాలి కూడా.

గొలుసు రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. దించేశాను.

ఏప్రిల్ 5

ఆయనే ఫోన్ చేశారు. ఈసారి విశేషాల్లేవు.

"ఇక్కడ జనం ఏదేదో అనుకుంటున్నారు. వంతెన బాగుందా?"

"మామూలే" అన్నాను.

ఇన్నేళ్లు అదే మాట రాసీ రాసీ నోటికొచ్చేసిందనుకుందామా? కాదు. బాగాలేదంటే, ఆయన ఇవాళే ఆ జనంతో కలిసి పరుగున వస్తారేమో, తోపులాటలో... ఇదీ బుకాయింపే. బాగాలేదంటే వెంటనే నేను గొలుసు వేయాలి. అదీ అసలు సంగతి.

ఆయన మెల్లగా, "ఎల్లుండి సర్వే వాళ్లు ఖాయంగా వస్తున్నారు. కానీ నేను రేపే వచ్చేస్తున్నా. నువ్వు లేకుండా ఈ చోటు నాకెందుకు? ఆ రోజు నేనన్న మాట... అది వచ్చి చెబుతాలే" అన్నారు.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను. సంతోషంతోనే. ఒక్క రోజు. ఒక్క రోజు నిలబడవే తల్లీ, నా వంతెనా, ఇన్నేళ్లు నిలబడ్డావు.

ఏప్రిల్ 6

జరిగింది జరిగినట్టు రాయాలి. రాయకపోతే రేపటికి నాకు వీలైనట్టు మార్చేసుకుంటాను.

పొద్దున ఏడింటికల్లా వంతెన దగ్గరున్నాను. ట్యాంకర్లో బయల్దేరానని ఫోన్ చేశారు. గాలి తిరిగింది, ఉప్పు ధూళి లేచి అవతలి సగం కనబడటం లేదు. జలపాతం చప్పుడుకి పక్కనున్న మనిషి మాట కూడా వినబడటం లేదు. అంచు విరిగి పడ్డప్పుడల్లా చేతికింద వంతెన అంచు ఇనుప కమ్మీ జివ్వుమంటోంది. మా గురువుగారు నేర్పిన పని ఒకటుంది: కమ్మీకి చెంప ఆనించి, ఒక కన్ను మూసి, చివరిదాకా చూడటం. వంతెన తిన్నగా ఉంటే కమ్మీ ఒకే గీతలా కనిపిస్తుంది. రోజూ చూస్తాను.

ఇవాళ గీత మధ్యలో కిందికి జారి ఉంది. ఐదో స్తంభం దగ్గర.

ఆయన ట్యాంకర్ ఇంకా రాలేదు. పిల్లల బస్సు మలుపు తిరిగి వంతెన వైపు వస్తోంది. ఆదివారం పిల్లల బస్సేమిటి? జలపాతం చూపించడానికి తీసుకెళ్తున్నారట.

నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే మళ్లీ దించేసేదాన్నేమో. గొలుసు దారికి ఈ పక్క గుంజ నుంచి ఆ పక్క గుంజకి లాగి తాళం వేశాను. బస్సు గొలుసుకి మూరెడు దూరంలో ఆగింది. డ్రైవర్ దిగి తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. కింద పడవలో ఉన్న సరంగుని ముందు పైకి రమ్మన్నాను. అవతలి చివర కాపలావాడికి ఫోన్ చేసి గేటు వేయించాను. మధ్యలో ఉన్న బండ్లన్నీ ఒక్కొక్కటిగా ఇటు వచ్చేదాకా లెక్కపెడుతూ నిలబడ్డాను. ఆఖరి బండి కోళ్ల వ్యాను. అందులో ఆయన లేరు.

కాసేపటికి ఫోన్.

"గొలుసు వేశావా?"

"వేశానండీ."

"నేను ఈ చివర ఉన్నాను. ట్యాంకర్ ఇక్కడే వదిలేసి నడిచొస్తా. ఒక్క మనిషి బరువుకి ఏమవుతుంది?"

"వద్దు. ఐదో స్తంభం దిగిపోయింది."

"నిన్న అడిగితే మామూలే అన్నావు కదా?"

నేను గొలుసు తాళం గట్టిగా పట్టుకున్నాను.

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"మీరు దాటేదాకా వేయకూడదని..." అన్నాను.

ఆయన నాతో ఎప్పుడూ అలాంటి గొంతుతో మాట్లాడలేదు. "లోతు చాలదని తెలిసి కూడా నేను ఒక్క ఓడని లోపలికి తెచ్చి ఉంటే, నువ్వే నా మొహం చూసేదానివి కాదు."

"నన్ను తిట్టండి. నడిచి మాత్రం రాకండి."

"ఫోన్ పెట్టెయ్" అన్నారు.

పెట్టేశారు. వస్తున్నానని అనలేదు. రానని అనలేదు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. కాపలావాడికి చేస్తే వాడూ ఎత్తలేదు.

చూద్దాం సారు మధ్యాహ్నం తాళం చెవితో వచ్చాడు. నీళ్లు లేక అక్కడ జనం గోల చేస్తున్నారట, పైనుంచి ఫోన్లట. నా మీద అరుస్తూ తాళం దగ్గరికి వంగాడు. నేను గొలుసు మీద పడ్డాను. నిజంగానే పడ్డాను, రెండు చేతులతో చుట్టేసుకుని. జనం నవ్వారు కూడా. అప్పుడు వంతెన మధ్యలో నుంచి ఒక నిట్టూర్పు లాంటిది వచ్చింది. ఐదో స్తంభం కూలబడింది, నెమ్మదిగా. తర్వాత నాలుగు, తర్వాత ధూళిలో కనబడనివన్నీ.

కనబడుతున్న సగంలో మనిషి లేడు. అది నేను చూశాను. కనబడని సగం సంగతి నాకు తెలియదు.

బస్సు డ్రైవర్ వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నాడు. పొద్దున తిట్టినవాడే. రోజూ నాకు చెయ్యి ఊపే ఆ పిల్ల తల్లట, వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని వదలకుండా ఏడ్చింది. ఇన్నాళ్లూ నీ పిల్లని దీని మీద పంపింది నేనేనని చెప్పలేదు. చెప్పాలి. ఇవాళ నా వల్ల కాలేదు.

ఫోన్ తీగలు, టవర్‌కి వెళ్లే తీగలు అన్నీ వంతెన కిందనుంచే పోయేవి. ఇప్పుడు ఆ ఒడ్డు లేనట్టే.

ఏప్రిల్ 7

కబురు లేదు.

ఆయన అంత మొండివారు కాదు. కోపంగా ఉన్నారు కాబట్టి రారు. వెనక్కి తిరిగి ఉంటారు.

చూద్దాం సారు హెలికాప్టర్ గురించి అడిగితే చూద్దామన్నాడు.

ఏప్రిల్ 8

కబురు లేదు. ఆయన మొండివారే. పెళ్లికి ముందు ఒకసారి తుఫానులో నన్ను చూడ్డానికి ఆరు మైళ్లు నడిచొచ్చారు. వద్దని చెప్పినా.

గాలి తగ్గలేదు. ఆ ఒడ్డు కనబడటం లేదు.

అత్తయ్య ఇవాళ అడగలేదు. నిన్న కూడా అడగలేదు. ఎవరో చెప్పి ఉంటారు. అన్నం కలుపుకుని, తినకుండా, నా కంచం వైపే చూస్తూ కూర్చుంది.

ఏప్రిల్ 9

కబురు లేదు.

అత్తయ్యకి చెప్పేశాను. గొలుసు సంగతీ, ఎన్నాళ్లు వేయకుండా ఉన్నానో, ఎందుకు ఉన్నానో, ఆఖరికి ఎప్పుడు వేశానో. తిడుతుందనుకున్నాను. "ముందే వేసుంటే వాడు బయల్దేరేవాడే కాదు" అంది. అది తిట్టో ఓదార్పో తెలియలేదు. కాసేపటికి నా తల మీద చెయ్యి పెట్టింది. ఈ ఇంటికొచ్చాక అది మొదటిసారి.

ఏప్రిల్ 10

గాలి పడిపోయింది. పొద్దున్నే లేచేసరికి అత్తయ్య ఆయన కుర్చీలో కూర్చుని ఉంది, కిటికీ బార్లా తెరిచి. నేను అటు వెళ్లలేదు. ఆ ఒడ్డు కనబడుతుందని తెలుసు. కనబడినప్పుడు అక్కడ ఏమీ లేకపోతే?

"అమ్మాయ్" అంది. "ఆ ఒడ్డున ఎవరో బట్టలారేశారు."

"ఆరేసుకోనీయండి."

"అంత ఎత్తునా? దీపం స్తంభానికి కట్టారు. తెల్లదొకటి, ఎర్రదొకటి. పక్కపక్కన."

చేతిలో ఉన్న గిన్నె ఎక్కడ పెట్టానో గుర్తులేదు. కిటికీ దగ్గరికి ఎలా వచ్చానో కూడా గుర్తులేదు. మధ్యలో ఏరు ఎంత లోయ కోసుకుందో! అడుగున నీళ్లు కనబడనంత. ఆ ఒడ్డున విరిగిన వంతెన మొండెం. దాని చివర వంగిన దీపం స్తంభం. దానికి సగం తెలుపు, సగం ఎరుపు.

ఎర్రది నా దుప్పటి.

"వాడేనా?" అంది అత్తయ్య. గొంతు గుసగుసలా ఉంది.

"ఆయనే."

ఆ ఒడ్డుకి దారి ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు. ఆ చోటు కూడా పోయే ఉంటుంది, మనిషి ఇలా వంతెన చివర జెండా కట్టుకుని కూర్చుంటే. నన్ను క్షమించారో లేదో కూడా తెలియదు. ఆ జెండాకి అంత అర్థం లేదు. మనిషి ఉన్నాడని, అంతే.

అత్తయ్య మొహం తుడుచుకుని నా వైపు తిరిగింది. "మరి నిలబడ్డావేం?"

వెళ్లి బియ్యం కడిగాను. ముగ్గురికి పోశాను.